మాదన్నపేట నుంచి మూడు సైకిల్ రూట్లు... రెజ్యూమెకి ఒక ప్రాజెక్టు!

పొద్దున అయిదున్నరకు మాదన్నపేట మండి దగ్గర ఎప్పుడైనా నిలబడ్డారా? టొమాటో ట్రేలు దించే హమాలీలు, కూరగాయల ఆటోలు, తోపుడు బండ్లు... అక్కడ అందరికీ ఏదో ఒక పని ఉంటుంది. బీటెక్ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న ఎనిమిది నెలలు ఆ సందడి చూస్తే నాకు లోపల కలుక్కుమనేది. ఏడు దాటిందంటే గల్లీలో ఎవరో ఒక అంకుల్ ఎదురై 'ఏం బేటా, ఇంకా ఏం రాలేదా?' అని అడిగేవారు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికే అటక మీది పాత సైకిల్ దింపాను. ఫిట్‌నెస్ పిచ్చి ఏమీ లేదు.

తర్వాత ఆ సైకిలే నా రెజ్యూమెలో చేరింది. అదెలాగో చెప్తాను. ముందు రూట్లు చూద్దాం.

హైదరాబాద్‌లో సైక్లింగ్ అనగానే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో ఉన్న ట్రాక్ గుర్తొస్తుంది. 23 కి.మీ. పొడవున, 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. బాగుంటుంది. కానీ అది నార్సింగి, కొల్లూరు వైపు. పాతబస్తీ నుంచి అక్కడికి చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. మనకు దగ్గర్లో ఉన్నవి మామూలు రోడ్లే. వాటితోనే మొదలుపెట్టొచ్చు.

రూట్ 1: లైబ్రరీ దారి (రానూపోనూ దాదాపు 20 కి.మీ.)

గోల్కొండ చివరి సుల్తాను తానీషా మంత్రి మాదన్న పేరు మీద వచ్చిన పేట మనది. అక్కడి నుంచి దబీర్‌పురా, పురానీ హవేలీ మీదుగా 1591 నాటి చార్మినార్‌కి వెళ్లండి. రాళ్లు పరిచిన చోట దిగి సైకిల్ నడిపించుకుంటూ పోవడమే మంచిది. వానపడితే జారుతుంది. మదీనా, నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడ మూసీ ఒడ్డున 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు ఆ చోటు గురించి చెప్పనక్కర్లేదు. మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్ మీదుగా ట్యాంక్‌బండ్ చేరి వెనక్కి రండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సరైన రూట్. ఆదివారం ఆరు లోపు బయల్దేరితే రోడ్డంతా మీదే.

రూట్ 2: ఎక్కుడు దారి (రానూపోనూ దాదాపు 40 కి.మీ.)

సంతోష్‌నగర్, ఒవైసీ జంక్షన్, మిధాని వైపు. ఇక్కడి ఫ్లైఓవర్‌కి అబ్దుల్ కలాం పేరు పెట్టారు. ఆయన 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చి పనిచేసింది ఈ కంచన్‌బాగ్‌లోనే. మీరు మాత్రం ఫ్లైఓవర్ ఎక్కకండి, కింది రోడ్డులోనే వెళ్లండి. రక్షణ సంస్థల గోడల దగ్గర ఫొటోలు తీయొద్దు. చాంద్రాయణగుట్ట దాటాక బార్కాస్ వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బ్యారక్స్ వల్ల వచ్చిన పేరది. అక్కడి నుంచి పహాడీ షరీఫ్ మీదుగా తుక్కుగూడ. వెళ్లేటప్పుడు మొత్తం మీద ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. పోయేటప్పుడే ఓపికంతా ఖర్చు పెట్టేసినా తిరుగు ప్రయాణం కాస్త దయ చూపిస్తుంది.

రూట్ 3: కంపెనీల దారి (రానూపోనూ 60 కి.మీ. లోపు)

సైదాబాద్, ఐఎస్ సదన్, చంపాపేట్, కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకోండి. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగులూరు దాటితే ఇబ్రహీంపట్నం చెరువు. కాలేజీ బస్సులు మొదలవక ముందే వెళ్లిపోవాలి. ఓపిక ఉన్న రోజు బొంగులూరు దగ్గర కుడివైపు తిరిగి ఆదిభట్ల చూడండి. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి సైకిళ్లను, బైకులను రానివ్వరు. సర్వీసు రోడ్డే దిక్కు.

ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. ఆ చుట్టుపక్కల గేట్ల మీది బోర్డులు చదువుతూ వెళ్లండి. మన కాలేజీ ప్లేస్‌మెంట్లలో పేరే వినని కంపెనీలు కనిపిస్తాయి. నేను పేర్లు చిన్న పుస్తకంలో రాసుకుని, ఇంటికొచ్చాక ఒక్కోదాని కెరీర్స్ పేజీ వెతికేవాణ్ని. మెకానికల్, ఈసీఈ వాళ్లు తప్పకుండా ఇలా చేయండి.

ఇక ప్రాజెక్టు సంగతి

నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నలుగురం కలిసి డబ్బులిచ్చి చేయించుకున్నదే. మొదటి ఇంటర్వ్యూలో 'ఈ డేటా ఎక్కడిది?' అని అడిగారు. నోరు పెగల్లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. మీలో కొందరికి నేనేం చెప్తున్నానో బాగా అర్థమవుతుంది కదా?

సైకిల్ రైడ్‌ని ఫోన్‌లో రికార్డ్ చేస్తే జీపీఎక్స్ ఫైల్ వస్తుంది. అందులో ఒక్కో పాయింటుకి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం ఉంటాయి. అంతే, మీ సొంత డేటా రెడీ. ఒకే రూట్‌ని రెండు వారాలు తొక్కండి. కొన్ని రోజులు అయిదున్నరకు, కొన్ని రోజులు ఎనిమిదికి. 'ఏ టైంకి వెళ్తే ఏ సిగ్నల్ దగ్గర ఎన్ని నిమిషాలు పోతున్నాయి?' అన్న ఒక్క ప్రశ్న పెట్టుకుని పైథాన్‌లో, పాండాస్‌తో జవాబు వెతకండి.

ఇక్కడే అసలు పాఠం ఉంది. దబీర్‌పురా సందుల్లో జీపీఎస్ గీత వంకర్లు తిరుగుతుంది. సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా ఫోన్‌కి చేరడమే కారణం. ఆ వంకర్లన్నీ కలిస్తే దూరం ఎక్కువ చూపిస్తుంది. మరి నిజమైన దూరం ఎంత? చక్రం ఒక్క చుట్టుకి ఎంత దూరం వెళ్తుందో టేపుతో కొలవండి. చిన్న సందులో చుట్లు లెక్కపెట్టి ఫోన్ లెక్కతో పోల్చండి. తప్పుడు పాయింట్లను ఎలా గుర్తించారు, ఎందుకు తీసేశారు అన్నది రాసి పెట్టుకోండి. కంపెనీల్లో డేటా క్లీనింగ్ అంటే ఈ పనే.

ఇంకో మెట్టు ఎక్కాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ని ఎవరైనా సరిదిద్దొచ్చు. మీ దారిలో లేని గల్లీ పేరు, స్పీడ్ బ్రేకర్, పంక్చర్ షాపు చేర్చండి. మీ మార్పులన్నీ మీ పేరుతోనే కనిపిస్తాయి.

ఈ ప్రాజెక్టుతో వెళ్లిన మొదటి ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దబీర్‌పురా వంకర గీత గురించే మాట్లాడాం. ఆ ఉద్యోగం రాలేదు. కానీ 'డేటా ఎక్కడిది?' అన్నప్పుడు 'నేనే తొక్కి తెచ్చాను సార్' అన్నాను. ఆ తర్వాత మూడో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సైకిల్ వల్లే వచ్చిందని చెప్పను. నాకు తెలిసిన విషయం భయం లేకుండా చెప్పగలిగాను, దానికి మాత్రం సైకిలే కారణం.

బయల్దేరే ముందు

* ఖరీదైన సైకిల్ అక్కర్లేదు. మీ గల్లీ మెకానిక్ దగ్గర బ్రేకులు, చెయిన్, గాలి చూపించుకుంటే చాలు.
* హెల్మెట్ పెట్టుకోండి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి.
* పంక్చర్ కిట్, నీళ్ల సీసా, కొంత చిల్లర దగ్గర ఉంచుకోండి.
* పెద్ద రూట్లకు ఒంటరిగా వద్దు. ఇంట్లో వాళ్లకు లైవ్ లొకేషన్ పంపండి. ఇయర్‌ఫోన్స్ జేబులోనే ఉండనివ్వండి.
* ముందు మొదటి రూట్ పది సార్లు. ఆ తర్వాతే రెండోది.

రేపు పొద్దున మండి దగ్గర ఎవరైనా 'ఏం తమ్ముడూ, పొద్దుగాల్నే యాడికి?' అని అడిగితే 'పని మీద పోతున్నా అన్నా' అనండి. అది అబద్ధమేం కాదు.