కత్తిచిత్రములు - కన్నతల్లుల యభిప్రాయములు

సినిమా చూచి వచ్చిన రాత్రి బిడ్డ నిద్రలో నులికిపడి లేచినచో, ఆ సినిమానుగూర్చి మొట్టమొదట తీర్పు చెప్పు నధికారము కన్నతల్లికే కలదు.

2025 అక్టోబరు 31వ తేదీన ‘బాహుబలి’ రెండు భాగములును ఒక్కటిగా కూర్పబడి మరల విడుదలయైనపుడు, హైటెక్ సిటీ చెంత మేము కాపురముండు ఫ్లాట్ల సముదాయమున స్త్రీలనడుమ పెద్ద చర్చ జరిగెను. 2015 జులై 10న మొదటి భాగమును, 2017 ఏప్రిల్ 28న రెండవ భాగమును చూచునాటికి మాలో పెక్కురు కన్యలు, కొందరు కొత్తకోడండ్రు. నేడు బిడ్డల తల్లులు. చిత్రము మారలేదు, చూచు కన్నులు మారినవి. మా యింట తొమ్మిదేండ్ల పిల్లవాడు కలడు. “నన్నెప్పుడు తీసికొనిపోవుదురు?” అని వాడు దినదినమును మారాము చేయుచుండెను. కావున నా చర్చ మాకు కాలక్షేపము గాక యవసరమే యయ్యెను.

మొదట మాటాడిన సోదరి సైబర్ టవర్సు ప్రాంతమున సాఫ్టువేరు కొలువు చేయునామె. రెండవ భాగమున, ఆలయమునకు వచ్చిన స్త్రీలపై చేయివేసిన సేనాపతి సేతుపతి వ్రేళ్లను దేవసేన నరుకును. ఆమెను నిండుసభలో దోషిగా నిలువబెట్టగా, అమరేంద్ర బాహుబలి వచ్చి వాని తలనే తెగవేయును. ఆ ఘట్టమును తలచుకొని యామె యిట్లనెను: “అక్కయ్యగారూ, రాత్రి పనిముగించి యొంటరిగా క్యాబులో వచ్చునపుడు నా గుండె యెట్లు కొట్టుకొనునో నాకే తెలియును. ఆ తల తెగినపుడు హాలంతయు నీలలు వేసెను. నేనును చప్పట్లు కొట్టితిని. అందుకు సిగ్గుపడను.”

రెండవ సోదరికి ఆరేండ్ల కుమార్తె. కాలకేయులతోడి యుద్ధమును ఇంట టీవీలో చూచిన పిమ్మట ఆ బిడ్డ నాలుగు రాత్రులు దీపమార్పనీయలేదట. “పెద్దలము మనకది రంగునీరనియు, కంప్యూటరు పనియనియు తెలియును. హైదరాబాదులోని మకుట వంటి సంస్థలలో మనబోటి యుద్యోగులే తెరముందు కూర్చుండి యా సేనలను సృష్టించిరని చెప్పుకొందుము. బిడ్డకు మాత్రమది నిజమైన నెత్తురే” అని యామె వాపోయెను.

అప్పుడు పల్నాటినుండి కుమారునియొద్దకు వచ్చియున్న యొక పెద్దముత్తైదువ నవ్వి యిట్లు చెప్పెను: “అమ్మాయీ, నేను కారెంపూడి వీరుల తిరునాళ్లు చూచుచు పెరిగినదానను. పల్నాటి కథలో నెత్తురు తక్కువయా? అయినను కథ చెప్పువాడు బాలచంద్రుడు పోవునపుడు తాను నేడ్చును, మమ్ములను నేడిపించును. తల్లి ఐతమ్మ దుఃఖమును, భార్య మాంచాల దుఃఖమును విడువక చెప్పును. మీ సినిమాలో వేలకొలది కాలకేయులు కూలిరి. వారికై యేడ్చిన యొక్క తల్లినైన చూపిరా?”

ఈ మాటకు మేమందరము కొంతసేపు మిన్నకుంటిమి.

నాలుగవ యామె కళాశాలలో పాఠములు చెప్పునది. ఆమె ఫిర్యాదు నెత్తురును గూర్చినది కాదు. మొదటి భాగమున అవంతిక యను యోధురాలి యొడలిపై నామె యెరుగకుండ నాయకుడు బొమ్మలు వ్రాయును. పిమ్మట బలవంతముగా నామె వస్త్రములు సవరించి, కాటుకయు రంగును బెట్టి, యామె యందము నామెకే చూపును. 2015లో నొక స్త్రీ పాత్రికేయురాలు దీనిని తీవ్రముగా ఖండించి వ్యాసము వ్రాయగా దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి. “తల తెగినప్పుడు మన మదరుదుము. ఇష్టములేని యాడుదాని చేయి పట్టినపుడు పాట వినుచు కూర్చుందుము. ఏది హింస?” అని యామె యడిగెను. 2025 కూర్పున నా ప్రేమకథ తీసివేయబడినది. అది నిడివి తగ్గించుటకై చేసిన పని.

అందరి మాటలు వినిన పిమ్మట మాకు దోచిన దానిని మనవిచేసెదము.

పూర్వము రాజులు జీతమిచ్చి కత్తిపట్టించిన సైనికు లన్నిదేశములందు నుండిరి. మన హైదరాబాదులోనే బార్కసు పేట నిజాము కొలువునకు వచ్చిన అరబ్బు సైనికుల వంశీకులతో వెలసినది. జీతమునకు పోరాడువాడు తాను చంపునది యెవరినో, ఏలనో విచారింపడు. కట్టప్ప జీతగాడు గాడు, మాటకు కట్టువడిన బానిస, అయినను ఫలమొక్కటే. తాను చేతులార పెంచినవానిని రాజమాత యాజ్ఞపై వెన్నుపోటు పొడిచెను. రెండేండ్లు దేశమంతయు “కట్టప్ప యేల చంపెను?” అని యడిగెను. యజమాని చెప్పెను గనుక చంపెనన్నదే యుత్తరము. మా యెరుకలో నా చిత్రమునందలి మిక్కిలి భయంకరమైన హింస యిదియే. పిల్లలకు చెప్పదగిన నీతియు నిందే కలదు.

మరియొక సంగతి కలదు. మొదటి భాగమున కాలకేయులు బందీలను కవచముగా నిలిపినపుడు, భల్లాలదేవుడు వారిని తొక్కుకొని పోయెను. బాహుబలి వారిని రక్షించెను. అందుచేతనే శివగామి యాతనికి సింహాసన మిచ్చెను. రెండవ భాగమున నదే బాహుబలి విచారణ పూర్తికాకయే సభలో తల నరికెను. మనము రెంటికిని చప్పట్లు కొట్టితిమి.

ఈ చప్పట్లు సినిమాహాలులోనే యాగిపోలేదు. 2019 నవంబరులో సైబరాబాదు పోలీసుల పరిధిలోని శంషాబాదు చెంత నొక పశువైద్యురాలు ఘోరముగా చెరుపబడి చంపబడినది. డిసెంబరు 6న నిందితులు నలుగురు పోలీసుల చేతిలో చటాన్‌పల్లి వద్ద కాల్పులకు మరణించిరి. జనులు పోలీసులపై పువ్వులు చల్లిరి. మేమును నాడు సంతోషించినవారమే. తరువాత సుప్రీము కోర్టు నియమించిన సిర్పూర్కర్ సంఘము విచారించి, 2022లో వెల్లడియైన నివేదికలో నా కాల్పులు చంపవలెనను నుద్దేశముతోనే జరిగినవని చెప్పెను. విచారణ లేనిచోట నిజమైన దోషియే శిక్షింపబడెనని యాడుబిడ్డ కెవరు హామీ యీయగలరు? మా సాఫ్టువేరు సోదరి భయము న్యాయమైనది. ఆ భయమునకు మందు రాత్రివేళ దీపములున్న వీథి, నమ్మదగిన బండి, పిలిచిన వెంటనే వచ్చు పోలీసు, ఆలస్యము చేయని న్యాయస్థానము. కత్తి చూచి కలుగు తృప్తి యిల్లు చేరునంతలో చల్లారిపోవును.

ఇక పిల్లల మాట. 1952 నాటి సినిమా చట్టము 2023లో సవరింపబడి, పూర్వపు ‘యు/ఎ’ యనునది ఏడేండ్లు, పదుమూడేండ్లు, పదునారేండ్లు అను మూడు మెట్లుగా విభజింపబడినది. ‘ఎ’ గుర్తున్న చిత్రమునకు పదునెనిమిదేండ్లు నిండనివారికి ప్రవేశము లేదు. 2023 డిసెంబరున వచ్చిన ‘సలార్’ అట్టిది. ‘యు/ఎ’ చిత్రమున నిర్ణయము తల్లిదండ్రులది. మన దేశమున ‘యు/ఎ’ పొందిన ‘బాహుబలి’ రెండవ భాగమునకు సింగపూరులో పదునారేండ్లలోపు పిల్లలను రానీయలేదు. కావున టికెట్టు కొనుటకుముందు గుర్తు చూడవలెను. వీలైన తల్లి తాను ముందుగా నొకమారు చూచుట మేలు. చూపిన పిమ్మట బిడ్డతో మాటాడక నిద్రపుచ్చరాదు.

మేమేమి చేసితిమందురా? పిల్లవానిని ఈసారి తీసికొనిపోలేదు. వాడు రెండు దినములలిగెను. మూడవనాటి రాత్రి వానికి కథయంతయు చెప్పితిమి. యుద్ధమును దాచలేదు, బందీల రక్షణను విస్తరించి చెప్పితిమి. వాడు సాంతము విని, “కాలకేయులకు పిల్లలు లేరా?” అని యడిగెను.

“ఉందురు నాయనా” అంటిమి. వాడు మరేమియు నడుగక దుప్పటి కప్పుకొని పండుకొనెను. ఆ ప్రశ్న వాని నోట వచ్చినది గనుక, మరి కొన్నియేండ్లకు వానిని వెంటగొని ఆ చిత్రము చూచుటకు మాకు జంకు లేదు.