గంజాయి కేసులో అరెస్టు: కారణం ఏ భాషలో?

ఖటక్ చించోళి బస్టాండులో ఒక యువకుని గంజాయి అనుమానంతో పోలీసులు ఆపినారనుకొందము. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 43వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో వారంటు లేకుండానే సోదా, అరెస్టు చేయవచ్చును. అయితే నేరం జరిగినదని నమ్ముటకు కారణం ఉండవలెను. ఉత్త అనుమానం చాలదు. ఒంటిసోదాకు ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో జరపమని కోరే హక్కు ఉన్నదని 50వ సెక్షన్ కింద తెలిపి తీరవలెను. చేతిసంచికి ఈ నియమం వర్తించదు. ఈ భేదం చాలామంది ఎరుగరు.

సరిహద్దు పల్లెలకు అసలు చిక్కు భాషతో. కాగితం కన్నడంలో, చదువు తెలుగులో! అరెస్టు కారణాలను నిందితునికి అర్థమగు భాషలో, లిఖితపూర్వకంగా ఇవ్వవలెనని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టపరచినది. వెంటనే వీలుకానిచో నోటిమాటగా తెలిపి, రిమాండుకై మేజిస్ట్రేటు ముందుంచుటకు కనీసం 2 గంటల ముందు రాతప్రతి అందించవలెను. కన్నడం చదవలేనివాడు ఆ సంగతిని సంతకానికి ముందే చెప్పవలెను.