పాత బూటబుల్ సీడీకి నకలు తీయు విధము



పావగడ తాలూకా వల్లూరులో మా సంఘమునకు ఒక పాత కంప్యూటరు కలదు. సభ్యుల వాటాధనపు లెక్కలు, చీరల అంచుల నమూనాలు అందులోనే యున్నవి. ఒకనాడు అది తెరుచుకొనుట మానివేసినది. బీరువాలోని పాత బూటబుల్ సీడీ వేసి చూచితిమి; తెర వెలిగినది. యంత్రములోని వ్యవస్థ చెడినను తనలోని వ్యవస్థతో దానిని నడుపుటయే ఇట్టి సీడీ పని. ముందు వాటాధనపు లెక్కలను వేరొక చోటికి ఎత్తుకొంటిమి. నమూనాలు మిగిలియుండగనే సీడీ మొరాయింపసాగినది. ఉన్నది ఆ సీడీ ఒక్కటే!

భయపడి, సీడీలో కనబడిన ఫైళ్లన్నియు పెన్‌డ్రైవులోనికి ఎక్కించితిమి. దానితో యంత్రము లేవలేదు. తప్పు మాదే.

జకార్డు అట్టలను విప్పి సంచిలో పోసినచో పువ్వు పడునా? అట్టలతోపాటు వాటి వరుస, కుట్టు కూడ ఉండవలెను. సీడీయు అట్టిదే. అందు సమాచారము 2,048 బైట్ల సెక్టారులుగా వరుసనుండును. యంత్రమును లేపు భాగము ఎచ్చటనున్నదో తెలుపు గుర్తు 17వ సెక్టారులో నుండును; లెక్క సున్నతో మొదలు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కంపెనీలు ఏర్పరచిన ఈ పద్ధతికి ఎల్ టొరిటో అని పేరు. ఈ గుర్తు ఫైళ్ల జాబితాలో కనబడదు. కావున మొదటి సెక్టారు నుండి చివరిదాక ఉన్నదున్నట్లు ఒకే ఫైలుగా తీయవలెను. దానినే డిస్క్ ఇమేజి అందురు.

మేము చేసిన విధమిది. మెత్తని గుడ్డతో సీడీని నడిమి నుండి అంచువైపు తుడిచితిమి, చుట్టును రుద్దరాదు. మంచి సీడీకి లైనక్స్‌లోని డీడీ అను ఆజ్ఞ చాలును. మాది గీతలు పడినది గనుక డీడీరెస్క్యూ వాడితిమి. అది బాగున్న భాగమును ముందు తీసి, చెడిన చోటులను తరువాత మరల మరల ప్రయత్నించును. ఎక్కడెక్కడ అందలేదో ఒక పట్టీలో వ్రాసికొనును.

తీసిన ఇమేజిని వర్చువల్‌బాక్స్‌లో పెట్టి నడిపి చూచితిమి, లేచినది. పరీక్షింపని నకలును నమ్మరాదు. పిమ్మట దానిని కొత్త సీడీకి ఎక్కించి, మిగిలిన నమూనాలు బయటికి తెచ్చుకొంటిమి. ఎక్కించునపుడు ఇమేజిని మామూలు ఫైలువలె వేయక, 'ఇమేజిని వ్రాయుము' అను మార్గమునే ఎంచుకొనవలెను.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించిరి. కన్నడ సీమలో ఇంట తెలుగు మాటలాడు మనకు తెరపై తెలుగు కనబడుట చిన్న సంగతి కాదు. ఆనాటి సీడీలు ఎవరియొద్దనైన నున్నచో వాటికిని ఇట్లే నకలు తీయుడు.

సామాన్యముగా సీడీ సుమారు 700 మెగాబైట్లకు మించదు. చిన్న పెన్‌డ్రైవులోనే ఇమేజి ఇమిడిపోవును. ఒక ప్రతి కార్యాలయమున, మరియొకటి వేరొక ఊర దాచుడు. సీడీ చదువుచున్న నాడే ఈ పని ముగింపవలెనని సంఘములన్నింటికి మా మనవి.