అడిగి తెలుసుకోవడమే అసలు విద్య
బిజినెస్ అనలిస్ట్ వృత్తిలో రాణించాలంటే...

పిల్లవాడు డాక్టరయ్యాడన్నా, ఇంజనీరయ్యాడన్నా ఇంట్లో పెద్దలకు వెంటనే అర్థమవుతుంది. అదే పిల్లవాడు వచ్చి, "అబ్బా! నాకు బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగం వచ్చింది" అంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "అంటే ఏం చేస్తావు బేటా? వ్యాపారమా, కంప్యూటర్ పనా?" అని దాదీ అడుగుతుంది. "మీటింగులు ఉంటాయి, రిపోర్టులు రాయాలి" అని అతను ముక్తసరిగా చెప్పి తప్పుకుంటాడు.

ఇది నవ్వి వదిలేయవలసిన విషయం కాదు. తాను చేసే పని ఏమిటో ఇంట్లోవారికి వివరించలేని ఉద్యోగి, తన వల్ల సంస్థకు ఒనగూరే ప్రయోజనం ఏమిటో కూడా వివరించలేడు. ఖర్చులు తగ్గించుకోవలసిన రోజు వచ్చినప్పుడు యాజమాన్యం దృష్టి మొదట పడేది అటువంటి ఉద్యోగాల మీదే. అందుకే ఈ వృత్తి స్వరూపం ఏమిటి, దానికి కావలసిన నైపుణ్యాలు ఎలా అలవడతాయి, అవి సంస్థకు విలువగా ఎలా మారతాయి అన్న విషయాలను ఇక్కడ పరిశీలిద్దాం.

క్లుప్తంగా చెప్పాలంటే, ఒక సంస్థకు నిజంగా ఏం కావాలో తేల్చి, దానిని తీర్చే మార్గాన్ని సూచించి, ఆ మార్పు సజావుగా జరిగేలా తోడ్పడేవాడే బిజినెస్ అనలిస్ట్. పని అడిగేవారికీ, పని చేసిపెట్టేవారికీ మధ్య వంతెన లాంటివాడు. ఆ వంతెన లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలో ఒక ఉదంతం ఉంది.

చెప్పినట్టే చేసిన యంత్రం

ఆపద వేళ మనం 108కి ఫోన్ చేసినట్టే బ్రిటన్ ప్రజలు 999కి ఫోన్ చేస్తారు. 1990ల మొదట్లో లండన్ అంబులెన్స్ సర్వీస్ 600 చదరపు మైళ్ళకు పైబడిన ప్రాంతంలో, సుమారు 68 లక్షల జనాభాకు సేవలందించేది. ఫోన్ అందుకున్నవారు వివరాలను కాగితం మీద రాసేవారు. ఆ కాగితాలు కన్వేయర్ బెల్టు మీద మరో చోటికి చేరేవి. ఏ బండి ఎక్కడ ఉందో చూసి, దేనిని పంపాలో అక్కడివారు నిర్ణయించేవారు. ఈ పద్ధతిలో జాప్యం జరుగుతోందని భావించి, బండ్ల కేటాయింపును కంప్యూటరుకు అప్పగించారు. 1992 అక్టోబరు 26న కొత్త వ్యవస్థ పూర్తిస్థాయిలో మొదలైంది.

గంటలు గడిచేకొద్దీ పరిస్థితి చేయిదాటింది. కొన్ని చోట్లకు ఒకటికి రెండు బండ్లు వెళ్ళాయి. మరికొన్ని చోట్లకు ఎంతసేపటికీ బండి రాలేదు. తెరలు హెచ్చరికలతో నిండిపోయాయి. ఎదురుచూసి విసిగినవారు మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేయడంతో భారం మరింత పెరిగింది. మరునాటికే పాక్షికంగా పాత పద్ధతిని ఆశ్రయించవలసి వచ్చింది. నవంబరు 4న వ్యవస్థ పూర్తిగా స్తంభించింది. సిబ్బంది మళ్ళీ కాగితాలు చేతపట్టారు.

1993 ఫిబ్రవరిలో వెలువడిన విచారణ నివేదికలో మనం గుర్తుంచుకోవలసిన అంశం ఒకటుంది. మొదటి రెండు రోజులూ కంప్యూటరు సాంకేతికంగా చెడిపోలేదు. దానిని ఎలా రూపొందించారో అలాగే పనిచేసింది. లోపం రూపకల్పనలోనే ఉంది. ప్రతి బండీ ఎక్కడ ఉందో, ఏ స్థితిలో ఉందో ఎల్లవేళలా కచ్చితంగా తెలుస్తూనే ఉంటుందన్న నమ్మకం మీద ఆ వ్యవస్థ నిలబడింది. వాస్తవంలో సిబ్బంది ఒత్తిడిలో బటన్లను ఒక వరుసలో నొక్కలేకపోయేవారు. కొన్ని ప్రాంతాల్లో రేడియో సంకేతాలు అందేవి కావు. కేటాయించిన బండికి బదులు వేరే బండిని తీసుకువెళ్ళడమూ జరిగేది. శిక్షణ చాలలేదు. గడువు మరీ తక్కువ. అన్నింటికీ మించి, ఆ వ్యవస్థను రోజూ వాడవలసినవారికి దాని రూపకల్పనలో తగిన పాత్ర లభించలేదు.

తర్వాత అదే సంస్థ సిబ్బందిని కలుపుకొని, అంచెలంచెలుగా కొత్త వ్యవస్థను నిర్మించుకుంది. 1996లో అమలులోకి వచ్చిన ఆ వ్యవస్థ విజయవంతంగా నడిచింది. ఊరు అదే, సంస్థ అదే. ఈసారి పనిచేసేవారిని ముందుగా అడిగి తెలుసుకున్నారు. బిజినెస్ అనలిస్ట్ తెచ్చే విలువ అంతా ఈ "ముందుగా అడిగి తెలుసుకోవడం"లోనే ఉంది.

కోరిక వేరు, అవసరం వేరు

ఇంత పెద్ద ఉదాహరణ ఎందుకు అనిపిస్తే, మన వీధిలోని దర్జీ దుకాణానికే వెళదాం. రమజాన్ నెల సగం గడిచింది. పండుగ బట్టల కోసం వచ్చినవారితో దుకాణం కిటకిటలాడుతోంది. "ఆర్డర్లు సమయానికి ఇవ్వలేకపోతున్నాను. నాకో మొబైల్ యాప్ చేసిపెట్టండి" అని యజమాని అడిగాడనుకుందాం. ప్రోగ్రామర్ అయితే యాప్ తయారీ మొదలుపెడతాడు. అనలిస్ట్ మాత్రం ఒక పూట దుకాణంలో కూర్చుంటాడు.

బట్టలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి? కుట్టు పూర్తయినా మూటలు అలాగే ఉండిపోతున్నాయి కాబట్టి. ఎందుకు ఉండిపోతున్నాయి? కాజాలు వేయించాలి కాబట్టి. దానికి ఎందుకంత సమయం? కాజాల మిషను ఇక్కడ లేదు, రెండు వీధుల అవతల మరొకరి దగ్గరకు పంపాలి కాబట్టి. అక్కడ ఎందుకు ఆగుతున్నాయి? రోజుకు ఒక్కసారే, రాత్రిపూట అన్నీ కలిపి పంపుతున్నారు కాబట్టి. ఎందుకు ఒక్కసారే? తీసుకువెళ్ళే కుర్రవాడు పగలంతా గల్లాపెట్టె దగ్గర ఉండవలసి వస్తోంది కాబట్టి.

ఇలా "ఎందుకు" అని వరుసగా ఐదుసార్లు ప్రశ్నించి మూలకారణాన్ని చేరే పద్ధతి జపాన్‌కు చెందిన టయోటా సంస్థ ద్వారా ప్రపంచానికి పరిచయమైంది. ఇప్పుడు చెప్పండి, ఈ దుకాణానికి కావలసింది యాప్ ఏనా? రోజుకు మూడుసార్లు మూటలు పంపే ఏర్పాటు చేస్తే సగం సమస్య తీరవచ్చు. యాప్ అతని కోరిక. సమయానికి బట్టలు ఇవ్వగలగడం అతని అవసరం. ఈ రెంటినీ విడదీసి చూడగలిగిన రోజున అనలిస్ట్‌గా మన తొలి పాఠం పూర్తయినట్టే.

అలవరచుకోవలసిన నైపుణ్యాలు

మొదటిది వినడం. ఎదుటివారు మాట్లాడుతుండగా మన మనసులో పరిష్కారం తయారవుతోందంటే మనం వినడం మానేశామని అర్థం. పై అధికారి చెప్పే పద్ధతి ఒకటి, కౌంటరు దగ్గర కూర్చున్న ఉద్యోగి చేసే పద్ధతి ఇంకొకటి కావడం సర్వసాధారణం. ఇద్దరినీ విడివిడిగా అడగాలి. ఆ పైన పని జరిగే చోటికి వెళ్ళి కళ్ళారా చూడాలి.

రెండవది రాయడం. "సాఫ్ట్‌వేర్ వేగంగా పనిచేయాలి" అన్న వాక్యానికి పదిమంది పది అర్థాలు చెబుతారు. "రసీదు నంబరు కొట్టిన 3 సెకన్లలోపు ఖాతాదారుని వివరాలు తెరపై కనిపించాలి" అన్న వాక్యానికి ఒక్కటే అర్థం. పరీక్షించి అవునో కాదో తేల్చగలిగేలా రాసినదే సరైన రాత. భాష ఆడంబరంగా ఉండనక్కరలేదు, అనుమానానికి తావివ్వకపోతే చాలు.

మూడవది బొమ్మ గీయడం. ఒక పని ఎక్కడ మొదలై, ఎవరి చేతులు మారి, ఎక్కడ ముగుస్తుందో గళ్ళు, బాణాలతో చూపిస్తే పది పేజీల వివరణ ఒక్క కాగితంలో ఇముడుతుంది. ఇందుకు అంతర్జాతీయంగా వాడే బీపీఎంఎన్ వంటి గుర్తుల పద్ధతులు ఉన్నాయి. ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో అభ్యాసం చేసినా సరిపోతుంది.

నాలుగవది లెక్కలతో మాట్లాడటం. ఎక్సెల్‌లో పట్టికలను కూర్చడం, విడదీయడం, పోల్చడం రావాలి. డేటాబేస్ నుంచి కావలసిన సమాచారాన్ని సొంతంగా తీసుకునేంత మేర ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. "ఫిర్యాదులు ఎక్కువగా వస్తున్నాయి" అని అందరూ అనగలరు. ఏ శాఖలో, ఏ వారంలో, ఏ కారణంతో వస్తున్నాయో చూపించగలిగినవాడి మాటకే సమావేశంలో బరువుంటుంది.

ఐదవది ప్రాధాన్యాలు తేల్చడం. అడిగేవారికి అన్నీ కావాలి, అన్నీ ఇప్పుడే కావాలి. తప్పనిసరిగా ఉండవలసినవి, ఉండవలసినవే అయినా కొంత ఆగగలిగేవి, ఉంటే బాగుండేవి, ఈసారికి వద్దనుకునేవి అని నాలుగు భాగాలుగా విడదీసే పద్ధతిని "మాస్కో" అంటారు. రష్యా రాజధానితో దీనికి సంబంధం లేదు. ఆ నాలుగు ఆంగ్ల మాటల మొదటి అక్షరాలతో కూర్చిన పేరది. నాలుగో భాగాన్ని అందరి ఎదుట ఒప్పించి రాయించుకోవడం చాలా కష్టం. ఆ పని జరగని చోట గడువులు ఎప్పుడూ తప్పుతూనే ఉంటాయి.

విలువ చేకూర్చడమంటే...

నైపుణ్యం ఉన్నంత మాత్రాన విలువ దానంతటదే రాదు. ఎన్ని పత్రాలు రాశాం, ఎన్ని సమావేశాలు జరిపాం అన్నది మన శ్రమకు లెక్క. పని మొదలుపెట్టే ముందు పరిస్థితి ఏమిటి, ముగిసిన తర్వాత ఏమైంది అన్నదే విలువకు కొలత. అందుకే మార్పుకు ముందున్న లెక్కను రాసిపెట్టుకోవాలి. ఒక దరఖాస్తు పరిష్కారానికి ఇప్పుడు ఎన్ని రోజులు పడుతోంది? ఎన్ని దరఖాస్తులు తప్పులతో వెనక్కి వస్తున్నాయి? ఈ లెక్క ముందుగా లేకపోతే, తర్వాత జరిగిన మేలును ఎవరూ నమ్మరు.

అలాగే, పని ప్రారంభమయ్యాక చేతులు దులుపుకోకూడదు. నెల తర్వాత వెళ్ళి, కొత్త వ్యవస్థను వాడేవారు దానిని నిజంగా వాడుతున్నారా, లేక పక్కన పాత నోటుపుస్తకం కూడా నడుపుతున్నారా అని చూడాలి. ఆ నోటుపుస్తకం కనిపిస్తే కోపగించుకోకూడదు. మనం అడగడం మరచిన ప్రశ్న ఏదో అందులోనే ఉంటుంది.

మరో విషయం నిజాయితీ. యాజమాన్యం ముచ్చటపడిన పథకం వల్ల ప్రయోజనం లేదని లెక్కలు చెబుతున్నప్పుడు, ఆ మాటను మర్యాదగా, ఆధారాలతో చెప్పగలగాలి. అనలిస్ట్ చేతికి వచ్చే సమాచారం, చిరుద్యోగులు నమ్మి చెప్పిన ఇబ్బందులు అతని దగ్గర అమానత్ వంటివి. వారి పేర్లు బయటపెట్టి పై వారి మెప్పు పొందాలనుకుంటే, రెండోసారి ఎవరూ అతనితో నిజం చెప్పరు. నిజం వినపడని అనలిస్ట్‌కు వృత్తే లేదు.

సర్టిఫికెట్ల సంగతి

ఈ రంగానికి అంతర్జాతీయ సంస్థ ఉంది. 2003లో కెనడాలో ఏర్పడిన ఆ సంస్థ పేరు ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బిజినెస్ అనాలిసిస్. అది వెలువరించిన బాబోక్ అనే మార్గదర్శక గ్రంథం మూడో కూర్పు 2015లో వచ్చింది. కొత్తగా అడుగుపెట్టేవారికి ఈసీబీఏ అనే పరీక్ష ఉంది, దానికి ఉద్యోగానుభవం అవసరం లేదు. పై స్థాయిలోని సీబీఏపీకి మాత్రం గత పదేళ్ళలో 7,500 గంటల అనుభవం చూపించాలి. అనుభవం లేనివారికి "నేరుగా పెద్ద సర్టిఫికెట్ ఇప్పిస్తాం" అని ఎవరైనా చెబితే అనుమానించవలసిందే. తల్లిదండ్రులు అప్పుచేసి ఫీజు కట్టే ముందు ఈ వివరాలను సంస్థ అధికారిక ప్రకటనలతో సరిచూసుకోవడం మంచిది.

సర్టిఫికెట్ పరిభాషను నేర్పుతుంది, ఇంటర్వ్యూ తలుపు తెరిపించవచ్చు. లోపలికి వెళ్ళిన తర్వాత నిలబెట్టేది అభ్యాసమే. తెలిసినవారి మందుల దుకాణమో, ట్యూషన్ కేంద్రమో, అన్నయ్య నడిపే హార్డ్‌వేర్ షాపో ఎంచుకోండి. వారి అనుమతితో వారం రోజులు గమనించండి. పని జరిగే తీరును బొమ్మగా గీయండి. ఒక చిక్కును గుర్తించి, మూలకారణం తేల్చి, రెండు పేజీల్లో పరిష్కారం రాయండి. అలాంటివి మూడు చేతిలో ఉంటే, ఇంటర్వ్యూలో బట్టీపట్టిన జవాబులు చెప్పవలసిన అవసరం రాదు.

ఈ తలుపు ఎవరెవరికి?

కంప్యూటర్ సైన్స్ చదివినవారికే ఈ వృత్తి అనుకోవడం పొరపాటు. బ్యాంకులో పనిచేసినవారికి అప్పు మంజూరు ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఫార్మసీ చదివినవారికి మందుల నిల్వ లెక్క తెలుసు. ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయికి రోగి ఏ కౌంటరు దగ్గర విసిగిపోతాడో తెలుసు. ఆ రంగ పరిజ్ఞానం ఏళ్ళ తరబడి పనిచేస్తే తప్ప రాదు. దానికి పైన చెప్పిన నైపుణ్యాలు జోడిస్తే చాలు. పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మానిన సోదరీమణులు కూడా తమ పాత అనుభవం వృథా అయిందని నిరాశపడనక్కరలేదు.

కృత్రిమ మేధ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా అన్న ఆందోళన చాలా ఇళ్ళల్లో వినిపిస్తోంది. సమావేశపు సారాంశం రాయడం, పత్రాలకు తొలి ముసాయిదా తయారుచేయడం వంటివి యంత్రం చేయగలదు. కాబట్టి అంతవరకే తెలిసినవారు జాగ్రత్తపడవలసిందే. కానీ దుకాణంలో ఒక పూట కూర్చుని, ఎవరూ చెప్పని కాజాల మూటను గమనించడం, భయపడే ఉద్యోగి నోట నిజం పలికించడం, రెండు శాఖల మధ్య రాజీ కుదర్చడం ఇంకా మనిషి పనులే. లండన్ ఉదంతం చెప్పిన పాఠం నేటి యంత్రాలకూ వర్తిస్తుంది. యంత్రం ఎంత తెలివైనదైనా, తప్పుగా అడిగితే తప్పునే వేగంగా చేసిపెడుతుంది.

మళ్ళీ మన ఇంటి ముంగిటికి వద్దాం. "ఏం చేస్తావు బేటా?" అని దాదీ ఈసారి అడిగితే, ఆ కుర్రవాడు ఇలా చెప్పవచ్చు: "జనం తమకు కావలసింది ఒకటని అడుగుతారు దాదీ. నేను వారి పక్కన కూర్చుని, వారికి నిజంగా కావలసింది ఏమిటో తెలుసుకుని, అది జరిగేలా చూస్తాను." దాదీకి అది అర్థమవుతుంది. ఇంట్లో ఏడ్చే పిల్లవాడికి ఆకలో, నిద్రో, కడుపునొప్పో కనిపెడుతూ జీవితమంతా ఆమె చేసిన పనీ అదే కదా!