వద్దన్న రాయి మీద లేచిన ఊరు
తిరస్కారంలో దేవుడి ఉద్దేశాన్ని వెతకమంటుంది శ్రమల కాలం. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఆ వెతుకులాటకు ఆధారాలున్నాయి, అభ్యంతరాలూ ఉన్నాయి

తనకంటే పదేళ్లు జూనియర్ అయిన థామస్ హాలండ్‌ను 1903లో డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెట్టడంతో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ జియలాజికల్ సర్వేకు రాజీనామా చేశారు. మయూర్‌భంజ్ సంస్థానం ఆయన్ను కొలువులోకి తీసుకుంది. అక్కడి గురుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఆయన కంటపడింది. 1904 ఫిబ్రవరి 24న ఆ సంగతి జంషెట్జీ టాటాకు ఉత్తరం రాశారు. సాక్చి అనే పల్లె ఉక్కు నగరంగా మారడానికి, 1919లో జంషెడ్‌పూర్ అనే పేరు తెచ్చుకోవడానికి ఆ ఉత్తరమే మొదలు. బోస్‌కు న్యాయంగా రావలసిన పదవి వచ్చి ఉంటే ఈ ఊరు ఇక్కడ ఉండేదా అన్నది సందేహమే.

ఏటా మార్చి 3న జంషెట్జీ జయంతికి జూబ్లీ పార్కు దీపాలతో వెలిగిపోతుంది. చాలా ఏళ్లలో ఆ వేడుక వేళకే నగరంలోని క్రైస్తవులు నలభై రోజుల దీక్షలో ఉంటారు. కథోలికులకది తపస్కాలం, ప్రొటెస్టెంట్లకు శ్రమల కాలం. ఈ రోజుల్లో ప్రసంగాలు తరచూ 118వ కీర్తనలోని రాయి దగ్గరికి చేరతాయి. ఇల్లు కట్టేవాళ్లు పనికిరాదని పక్కన పడేసిన రాయే మూలకు ఆధారమైన కథ అది. సిలువకు కొద్ది రోజుల ముందు యెరూషలేములో యేసు గుర్తుచేసింది కూడా దాన్నే.

ఛోటానాగ్‌పూర్ క్రైస్తవానికి ఈ పోలిక అతికినట్టు సరిపోతుంది. యొహానెస్ గోస్నర్ బవేరియాలో కథోలిక గురువుగా ఉండి పైవాళ్ల ఆగ్రహానికి గురై, 1826లో ఆ సంఘాన్నే వదిలిన మనిషి. 1836లో, 63వ పడిలో, మిషన్ సంస్థలు వద్దన్న కొందరు చేతిపనివాళ్లు ఆయన తలుపు తట్టారు. పెద్ద చదువులు లేకపోవడమే వాళ్ల లోపం. వాళ్లతోనే గోస్నర్ మిషన్ మొదలైంది. ఆయన పంపిన నలుగురు జర్మన్లు మరో చోటికని బయల్దేరి, కలకత్తాలో ఛోటానాగ్‌పూర్ కూలీలను చూసి మనసు మార్చుకుని 1845 నవంబర్ 2న రాంచీ చేరారు. నాలుగేళ్లు దాటినా ఒక్కరూ బాప్తిస్మం తీసుకోలేదు. పైగా రాళ్లు పడ్డాయి. 1850 జూన్ 9న నలుగురు ఉరావ్‌లు ముందుకొచ్చారు.

దీన్ని దేవుడి సంకల్పమని సంఘం చెప్పుకుంటుంది. జమీందార్లకూ వడ్డీ వ్యాపారులకూ భూములు పోగొట్టుకుంటున్న ఆదివాసులకు కచేరీల్లో తోడు నిలిచే మనిషి కావలసి వచ్చాడని చరిత్రకారులంటారు. ఈ రెండు మాటలకూ పేచీ ఉండనక్కర్లేదు. ఆదివాసీ భూమికి రక్షణగా నిలిచిన 1908 నాటి కౌలు చట్టం రూపకల్పనలో జెసూట్ గురువు జాన్ హాఫ్‌మన్ చెయ్యి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయనా, గోస్నర్ మిషనరీలూ జర్మన్లన్న కారణంతోనే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. దిక్కులేనిదైన లూథరన్ సంఘం 1919 జూలై 10న స్వతంత్రం ప్రకటించుకుంది.

ఉక్కు కర్మాగారం పనులకు జంషెడ్‌పూర్ చేరిన తెలుగువాళ్లకు ఇలాంటి కథ సొంత నేల మీదే ఉంది. నెల్లూరు బాప్టిస్టు మిషన్‌ను మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. ఒంగోలులో జాన్ క్లౌ బడికి వచ్చే అగ్రవర్ణాల పిల్లలు, మాదిగలను చేర్చుకుంటున్నారని తెలిసి మానేశారు. 1878 జూలై 3న, కరువు వెనకే, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అయితే ఇలాంటి కథల్లో ఒక ప్రమాదం ఉంది. తిరస్కారం మంచికేనని చెప్పే హక్కు ఎవరిది? ఆదికాండంలో, మీరు చేసిన కీడును దేవుడు మేలుగా మలిచాడని అన్నది అమ్ముడుపోయిన యోసేపు. అమ్మిన అన్నలు ఆ మాట అని ఉంటే అంతకన్నా సిగ్గుచేటు ఉండదు. కర్మాగారాలకూ గనులకూ ఊళ్లు వదులుకున్న సంథాల్, హో కుటుంబాలకు ప్రగతి పేరుతో ఇతరులు చెబుతున్నది ఇంచుమించు ఆ అన్నల మాటే.

జెసూట్ల జంషెడ్‌పూర్ ప్రావిన్సుకు చెందిన స్టాన్ స్వామి దశాబ్దాల పాటు ఆ కుటుంబాల భూమి కోసమే పనిచేశారు. ఎల్గార్ పరిషత్ కేసులో 2020 అక్టోబర్‌లో ఆయన్ను అరెస్టు చేశారు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే ఆయనకు నీళ్లు తాగే స్ట్రా కోసం కూడా కోర్టుకెక్కాల్సి వచ్చింది. జైలు నుంచి రాసిన ఉత్తరాల్లో తోటి పేద ఖైదీల అవస్థలు చెప్పుకొచ్చారు. 2021లో తపస్కాలం నడుస్తుండగానే, మార్చి 22న, ప్రత్యేక న్యాయస్థానం ఆయన బెయిలు పిటిషన్‌ను తోసిపుచ్చింది. జూలై 5న బాంబే హైకోర్టు బెయిలు విచారణకు కూర్చున్నప్పుడు, 84 ఏళ్ల ఆ గురువు అప్పటికే కన్నుమూశారని న్యాయమూర్తులకు తెలియజేశారు.