చేతిరుమాలు కల్పన కాదు

టెక్సాస్‌లో ఐదో తరగతికి పాఠాలు చెబుతాను. ఏటా లోయిస్ లౌరీ రాసిన ‘నంబర్ ది స్టార్స్’ చదివిస్తాను. 1989లో వచ్చిన చిన్న నవల, 1990లో న్యూబెరీ మెడల్ అందుకుంది. కథ జరిగేది 1943లో, కోపెన్‌హాగన్‌లో. అప్పటికి మూడేళ్లుగా డెన్మార్క్ జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉంది. పదేళ్ల ఆన్‌మరీ ఇంట్లో ఆమె యూదు స్నేహితురాలు ఎలెన్ ఆ సైన్యానికి చిక్కకుండా తలదాచుకుంటుంది, ఆన్‌మరీ చనిపోయిన పెద్దక్కలా నటిస్తూ.

ముందే హిట్లర్ గురించీ యుద్ధం గురించీ బోర్డు నిండా రాసేసి, ఆ తర్వాత పుస్తకం తెరిపించడం మామూలు పద్ధతి. నాకది నచ్చదు. ఆన్‌మరీకే తెలియనివన్నీ ముందే చెప్పేస్తే ఆమె భయం పిల్లలకెలా అందుతుంది? అర్ధరాత్రి సైనికులు ఇంట్లో చొరబడి, ఈ పిల్లకొక్కదానికే నల్లజుట్టేమిటని నిలదీసే చోట పుస్తకం మూయించేస్తాను. ‘మీరైతే ఏం చెబుతారో రాయండి’ అంటాను. మర్నాడు మిగతాది చదువుతాం. తండ్రి ఆల్బమ్‌లోంచి కూతుళ్ల పసినాటి ఫొటోలు చింపి చూపిస్తాడు. పెద్దమ్మాయికి పుట్టినప్పుడు నల్లజుట్టే! ఇక తమ జవాబుల్లో ఏది నిలిచేదో ఏది దొరికిపోయేదో పిల్లలే తేల్చుకుంటారు. (ఆన్‌మరీ మామయ్య పడవ పేరేమిటని అడిగే వర్క్‌షీట్లు కూడా ఉంటాయి. వాటిని నేను పంచను.)

‘ఇది నిజంగా జరిగిందా, టీచర్?’ అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. రచయిత్రి చివరిమాట చదివేదాకా జవాబు చెప్పను. ఈలోగా జరిగిందేదో, కల్పన ఏదో పిల్లలే ఊహించి రెండు వరసల్లో రాస్తారు. పడవల్లో దాక్కున్న యూదులను సైనికుల కుక్కలు వాసన పట్టకుండా కుందేలు ఎండురక్తం, కొకైన్ కలిపి పట్టించిన చేతిరుమాలు దాదాపు ప్రతిసారీ కల్పన వరసలోనే చేరుతుంది. అది నిజం. డెన్మార్క్ రాజు కాపలా లేకుండా గుర్రమెక్కి వీధుల్లో తిరగడమూ నిజమే. నాజీలు యూదులకు పెట్టించిన పసుపు నక్షత్రం ఆయనా ధరించాడని ఎవరో ఒకరు ఎక్కడో విని వస్తారు. అదే కట్టుకథ. డెన్మార్క్ యూదులకు ఆ నక్షత్రం పెట్టుకోవాలన్న ఆజ్ఞే రాలేదు.

తర్వాత నవలలో లేనివి చెబుతాను. సుమారు 7,200 మంది యూదులు పడవల్లో స్వీడన్ చేరారు. దాదాపు 470 మంది పట్టుబడి టెరెజిన్ నిర్బంధ శిబిరానికి వెళ్లారు. కథలో యూదులను తన పడవలో దాటించే మామయ్య పైసా అడగడు. అసలు జాలర్లలో చాలామంది డబ్బు తీసుకున్నారు, కొందరు బాగా ఎక్కువే. పట్టుబడితే పడవా పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

అక్కడ క్లాసు రెండుగా చీలిపోతుంది. డబ్బు తీసుకున్నవాడు మంచివాడెలా అవుతాడని కొందరు, తీసుకున్నా దాటించాడుగా అని కొందరు. ఆ వాదనకు నేను మార్కులు వెయ్యను.