మంచురేకలను పట్టిన రైతు

అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, జెరికో గ్రామమందు విల్సన్ బెంట్లీ (1865–1931) యను రైతుండెను. పాడిపశువుల పోషణ యాతని జీవనము. ఛాయాచిత్రములు తీయుట యాతని వేడుక.

తల్లి యిచ్చిన సూక్ష్మదర్శినిలో ఆరు కొనల మంచురేకలను జూచి, వానిని చేతితో చిత్రించుచుండెను. బొమ్మ ముగియకముందే రేక కరగిపోయెడిది. అంతట తల్లిదండ్రుల సాయమున కెమెరా సంపాదించి, సూక్ష్మదర్శినికి జతపరచి, 1885 జనవరి 15వ తేదీన తొలిచిత్రమును సాధించెను. నల్లని పలకపై మంచును బట్టి, ఊపిరి తగులకుండ పుల్లతో గాజుపైకి మార్చి, చలిలోనే నిలిచి పనిచేసెడివాడు. ఇట్లు జీవితకాలమున 5,000కు పైగా చిత్రములు తీసెను.

మన పల్లెలలో మంచురేకలు రాలవు, వానలు గలవు. బెంట్లీ చినుకులను సైతము కొలిచెను. పళ్లెరమున అంగుళము మందమున మెత్తని పిండి పోసి, కొన్ని క్షణములు వానలో నుంచెను. ప్రతి చినుకును ఒక పిండిగోలీ యయ్యెను. వానిని ఎండనిచ్చి కొలిచి, చినుకుల పరిమాణమును నిర్ణయించి, ఫలితములను 1904లో ప్రకటించెను.

రైతు సోదరులారా! దీనికి కెమెరా యక్కరలేదు. పళ్లెరము, జల్లించిన పిండి చాలును. ముసురునాటి గోలీలను, జడివాననాటి గోలీలను ప్రక్కప్రక్కన పెట్టి పిల్లలకు జూపుడు. పెద్దచినుకే నేలను మోది మన్నును చెదరగొట్టును. ఆ సారమే నీటివెంట పోవును. గట్టు వేయుట యేల యవసరమో వారికే బోధపడును.